ఒక సంగతి ఒక్కచోటే: డేటాబేస్ పాఠ్యపుస్తకాన్ని చదవడం గురించి

(శ్రీకాకుళంలో డిగ్రీ కంప్యూటర్ సైన్స్ విద్యార్థుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

డేటాబేస్ నేర్చుకోవడం ఎక్కడ మొదలుపెట్టాలని మీలో కొందరు నన్ను ముందే అడిగారు. పాఠ్యపుస్తకంతో అన్నాను, వాళ్ల ముఖాలు కొంచెం చిన్నబోయాయి. ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ను ప్రశ్నలడిగే భాష) ఆజ్ఞలు ఫోనులో వీడియోలు చూస్తే వారంలో పట్టుబడతాయి కానీ, వెయ్యి పేజీల పుస్తకాన్ని మోయడం కూడా వారంలో అలవాటు కాదు కదా. నేనూ మొదట వీడియోల దారినే వెళ్లాను. ఆజ్ఞలన్నీ వచ్చాక కూడా నేను గీసిన పట్టికల్లో ఒకే ఖాతాదారుకు రెండు చిరునామాలు కనిపించేవి, ఏది సరైనదో చెప్పే దిక్కు ఉండేది కాదు. పట్టిక గీయకముందు వేసుకోవలసిన ప్రశ్న ఒకటుందని, దాన్ని నేను వేసుకోలేదని పుస్తకం చదివాకే తెలిసింది.

ఆ ప్రశ్నను మన ఊరి ఉదాహరణతో చెబుతాను. కాళీపట్నం రామారావు గారు 1997లో ఇక్కడ నెలకొల్పిన కథానిలయం మీకు తెలుసు. తెలుగు కథల జాబితా ఒకటి మనమే తయారుచేస్తున్నామని అనుకుందాం. ఇది నా ఊహ మాత్రమే, అక్కడి జాబితా ఎలా ఉంటుందో నేను చెప్పడం లేదు. కథ పేరు, పత్రిక, సంచిక తేదీ, రచయిత కలంపేరు, అసలు పేరు, ఊరు అని ఆరు గడులతో ఒకే పట్టిక గీశాం. చాసో కథలు ముప్పై ఉంటే చాగంటి సోమయాజులు అనే పేరు ముప్పైసార్లు రాయాలి, ఊరు కూడా ముప్పైసార్లు రాయాలి. ఆయన శ్రీకాకుళంలో పుట్టి విజయనగరంలో జీవించారు గనుక, జాబితా రాసేవాళ్లు ఇద్దరైతే సగం వరుసల్లో ఒక ఊరు, సగం వరుసల్లో ఇంకో ఊరు పడుతుంది. ఇద్దరూ అబద్ధం రాయలేదు. ‘ఊరు’ అంటే పుట్టిన ఊరా, ఉన్న ఊరా అన్నది ఎవరూ తేల్చకపోవడమే అసలు లోపం. చిక్కులు అక్కడితో ఆగవు. ఒకే ఒక్క కథ రాసిన రచయిత వరుసను తుడిచేస్తే ఆ రచయిత ఉన్నాడన్న సంగతే పోతుంది; కథ ఇంకా చేతికి రాని రచయితను చేర్చుకుందామంటే రాయడానికి చోటే ఉండదు.

ఈ చిక్కులకు మందు పుస్తకంలో ‘ఫంక్షనల్ డిపెండెన్సీ’ అనే అధ్యాయంలో ఉంది. పరీక్షకు ఈ అధ్యాయాన్ని బట్టీపట్టి, పరీక్ష హాలు గుమ్మం దగ్గరే వదిలేసి వెళ్లడం మన దగ్గర ఆనవాయితీ. నిజానికి అందులో చెప్పేది తేలికైన మాట: ఏ రెండు వరుసల్లోనైనా కలంపేరు ఒకటైతే అసలు పేరు కూడా ఒకటే కావాలంటే, కలంపేరు అసలు పేరును నిర్ణయిస్తుందని అర్థం. అలా నిర్ణయించేదాన్నీ నిర్ణయింపబడేదాన్నీ వేరే పట్టికలోకి తీసి, ఒక సంగతిని ఒక్కచోటే రాసుకోవడమే నార్మలైజేషన్. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది, తొందరగా చదివితే తప్పిపోతుంది. ఈ నిర్ణయాన్ని ఉన్న డేటాను చూసి తేల్చలేం. ఈరోజు జాబితాలో కథల పేర్లన్నీ వేర్వేరుగా ఉన్నాయని, కథ పేరే రచయితను నిర్ణయిస్తుందని అనుకుంటే, రేపు అదే పేరుతో ఇంకొకరి కథ వస్తుంది. డేటా మన ఊహను కాదనగలదు గాని ఔననలేదు. ఔనో కాదో చెప్పవలసింది ఆ వ్యవహారం తెలిసిన మనిషి.

ఈ ఆలోచనకు మూలం ఎడ్గార్ కాడ్. ఆయన ఐబీఎం శాన్ హోజే ప్రయోగశాలలో పనిచేస్తూ 1970లో ప్రచురించిన వ్యాసంలో డేటాను గణితంలోని సంబంధాలుగా, అంటే పట్టికలుగా, చూడమన్నారు; దాన్నే రిలేషనల్ మోడల్ అంటారు. అంతకుముందు ప్రోగ్రామరు ఒక రికార్డు నుంచి ఇంకో రికార్డుకు దారి వెతుక్కుంటూ పోవలసి వచ్చేది. కాడ్ పద్ధతిలో ఏం కావాలో చెబితే చాలు, ఎలా తేవాలన్నది యంత్రం చూసుకుంటుంది. 1981లో ఆయనకు కంప్యూటర్ సైన్సులో పెద్దదైన ట్యూరింగ్ పురస్కారం వచ్చింది.

యంత్రం ఎలా చూసుకుంటుందో తెలియాలంటే ఇండెక్స్ (కావలసిన వరుస ఎక్కడుందో చూపే సూచిక) అధ్యాయం చదవాలి, చేతిలో పెన్సిలుతోనే చదవాలి. డిస్కు పేజీ (డిస్కు నుంచి ఒక్కసారి చదివే ముక్క) 8 కిలోబైట్లు, అందులో ఒక్కో నమోదుకు 16 బైట్లు అనుకుంటే, ఒక పేజీలో దాదాపు 500 నమోదులు పడతాయి. మూడు అంతస్తుల బీ-ప్లస్ ట్రీకి (చెట్టు కొమ్మల్లా విడిపోయే ఇండెక్సుకు) 500ను మూడుసార్లు హెచ్చించండి: 12.5 కోట్లు. అన్ని కోట్ల నమోదుల్లో మనకు కావలసినది మూడు పేజీలు తిప్పితే దొరుకుతుంది. ఈ లెక్క ఒకసారి స్వయంగా వేసినవాళ్లకు ఇండెక్స్ ఎందుకో ఇంకెవరూ చెప్పనక్కరలేదు.

ట్రాన్సాక్షన్ల (జరిగితే పూర్తిగా జరగాలి, లేదంటే అసలు జరగకూడదనే పనుల) విషయంలో మన పెద్దలకు ఏ పుస్తకమూ అక్కరలేదని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది. పాతకాలపు కొట్టులో షావుకారు ఏ బేరమైనా ముందు చిట్టాలో రాసేవాడు, ఆ తరువాత తీరిగ్గా ఆవర్జాలో ఎవరి ఖాతాకు వారికి ఎక్కించేవాడు. ఆవర్జా తడిసిపోయినా చిట్టా ఉంటే మళ్లీ రాసుకోవచ్చు. డేటాబేస్ కూడా అంతే చేస్తుంది: మార్పును ముందు లాగ్‌లో రాసి, ఆ లాగ్ డిస్కుకు చేరాకే పని పూర్తయిందని మాటిస్తుంది, అసలు పేజీలను తరువాత సవరిస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మన జిల్లాలో కరెంటు ఎలా పోయిందో మీకు గుర్తుండే ఉంటుంది. అలాంటప్పుడు సగంలో ఆగిన పనిని రద్దుచేసేదీ, పూర్తయిందని మాటిచ్చిన పనిని నిలబెట్టేదీ ఈ చిట్టాయే. అయితే షావుకారు ఒక్కడే గనుక అతనికి రాని చిక్కు ఒకటుంది. ఆమదాలవలసలో ఒక గుమాస్తా, విజయనగరంలో ఒక గుమాస్తా ఒకే క్షణంలో రైల్లో ఒకే బెర్తు ఖాళీగా ఉందని చూస్తే ఏం కావాలి? తాళాలు, ఐసొలేషన్ (ఒకరి పని ఇంకొకరి పనికి అడ్డం రాకుండా చూడడం) గురించిన అధ్యాయం అంతా ఆ ఒక్క ప్రశ్నకు జవాబే; మొదటిసారి చదివినప్పుడు అది సగమే అర్థమైతే కంగారుపడకండి, నాకూ అంతే అర్థమైంది.

చదివే వరుస గురించి ఒక మాట. పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా లాక్కుపోనక్కరలేదు. రిలేషనల్ మోడల్, డిపెండెన్సీలు, ఇండెక్స్, ట్రాన్సాక్షన్లు అనే నాలుగింటినీ అధ్యాయం చివరి అభ్యాసాలతో సహా చేసి, మిగిలినవి అవసరం వచ్చినప్పుడు తెరవండి. అభ్యాసాల జవాబులు ముందే చూడకండి.

వచ్చే ఆదివారం మనం కలిసి కథానిలయానికి వెళదాం. ఈలోగా నేను చెప్పిన ఆరు గడుల పట్టికను విడదీసి కాగితం మీద గీసుకు రండి. ఒకే కథ ముందు పత్రికలో, తరువాత రెండు సంకలనాల్లో అచ్చయితే దాన్ని మీరు ఎన్ని వరుసల్లో రాశారో, దానికి ఏ కీ (ఒక వరుసను మిగతావాటి నుంచి గుర్తుపట్టే గడి) ఇచ్చారో అక్కడ అడుగుతాను.