కళ్లు బాగున్నాయన్నారు

వేదిక మీది పెద్దలకు, ఎండనబడి వచ్చిన మీ అందరికీ నమస్కారం. కావలి కంటి శిబిరంలో నాలుగు మాటలు చెప్పమన్నారు. శుక్లాల సంగతి డాక్టరుగారు చెబుతారు. నేను మా నాయన సంగతి చెబుతాను.

ఆయనకు పక్షవాతం వచ్చింది. చెయ్యీ కాలూ తేరుకున్నాయి, గండం గడిచిందనుకున్నాం. ఆ తర్వాత కంచంలో ఎడమ సగం అన్నం అట్టాగే వదిలేసేవాడు. చేపముక్క ఎడమపక్కనుంటే, ‘ముక్క వెయ్యలేదేందే’ అని అమ్మ మీద కేకలు. అమ్మ వంటింట్లోకి పోయి ఏడ్చేది. పేపరు చదివితే వెంకటగిరి, ఉదయగిరి రెండూ ఆయనకు ‘గిరి’యే. గుమ్మానికి కొట్టుకుని ఎడమ భుజమంతా కమిలిపోయింది.

కంటి ఆసుపత్రికి తీసుకెళితే కళ్లు బాగున్నాయన్నారు. అద్దాలు మార్చారు. ఆరు నెలలకు మళ్లీ మార్చారు. ఎదురుగా కూర్చుని, ‘నా ముక్కు వైపే చూడు పెద్దాయనా, పక్కన ఏ వేలు కదులుతోంది?’ అని ఒక్కరూ అడగలేదు. అమ్మా, అయ్యా, దానికి రెండు నిమిషాలు పట్టదు!

కళ్లు నిజంగానే బాగున్నాయి. దెబ్బ తిన్నది మెదడు. రెండు కళ్లకూ ఎడమవైపు కనబడేదంతా చేరేది కుడి మెదడు వెనక భాగానికి. అక్కడ రక్తం ఆగితే ఎడమ సగం పోతుంది. చీకటిగా కూడా ఉండదు, అటు ఏదో లేదన్న సంగతే మనిషికి తట్టదు. 1904-05 రష్యా-జపాన్ యుద్ధంలో తలకు తూటా తగిలిన సైనికులను పరీక్షించి, మెదడులో ఎక్కడ గాయమైతే ఏ వైపు చూపు పోతుందో తత్సుజి ఇనౌయే అనే కంటి వైద్యుడు 1909లోనే పటం గీసి అచ్చువేశాడు. వందేళ్లు దాటినా అది మా ఇంటిదాకా రాలేదు.

పోయిన చూపు తిరిగొస్తే, ఎక్కువగా మొదటి మూడు నెలల్లోనే వస్తుంది. మేం ఏడాది అద్దాల చుట్టూ తిరిగాం. నాకు ఇప్పటికీ కడుపు రగిలేది అక్కడే.

తర్వాత కూడా దారి ఉంది. పోయిన సగం రాకపోయినా, కళ్లను అటు తిప్పి వెతకడం నేర్పొచ్చు. ఒక ఫిజియోథెరపీ అమ్మాయి పేపరు ఎడమ అంచున ఎర్ర టేపు అంటించి, ‘తాతా, ఎరుపు కనబడేదాకా వెనక్కి రా’ అంది. రోజూ అదే పని. అమ్మ కూడా కంచం తిప్పి పెట్టడం మానేసి, ‘ఎడమ పక్క చూడయ్యా’ అనేది. ఒకరోజు నాయన వేలు టేపు మీద ఆనించి, కూడబలుక్కుని ‘ఉదయగిరి’ అన్నాడు.

పుట్టగానే ఏడవని బిడ్డల్లోనూ మెదడు దెబ్బతిని ఇట్టాంటి చూపు లోపం ఉండొచ్చు. అంగన్‌వాడీ అమ్మలు గమనించండి.

డాక్టరుగారూ, మీకు చేతులెత్తి మొక్కుతున్నా. ఆ వేపచెట్టు కింద రెండు కుర్చీలు వేయించాను. పక్షవాతం వచ్చినవాళ్లను అద్దాల వరసలోకి పంపేముందు అక్కడ కూర్చోబెట్టి, వేళ్లు ఆడించి చూడండి.