పింక్ పాపకి, బ్లూ బాబుకి: ఈ రూలు ఎవరు పెట్టారు?

(తెర మీద: పాత బ్లాక్ అండ్ వైట్ ఫోటో. తెల్ల గౌను, భుజాల దాకా జుట్టు, ఒళ్లో ఈక కుచ్చు టోపీ.)

ఈ ఫోటోలో ఉన్నది పాప కాదు, బాబు. పెద్దయ్యాక అమెరికా అధ్యక్షుడైన ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్. 1884లో తీశారు, అప్పటికి రెండున్నరేళ్లు. ఆ కాలంలో అక్కడ ఆరేడేళ్లొచ్చేదాకా మగపిల్లలకీ గౌన్లే. అందులోనూ తెల్లవి, ఎంత మాపినా ఉడకబెట్టి ఉతికేయొచ్చని.

మనవాళ్లకి ఇది వింతేం కాదు. పుట్టువెంట్రుకలు తీయించే ముందు కొడుక్కి జడ వేసి, పూలు పెట్టి, గౌను తొడిగి ఫోటో తీయించిన ఇళ్లు బోలెడు. పెళ్లయ్యాక ఆ ఆల్బమ్ కోడలికి చూపించి నవ్వుకుంటారు కూడా.

మరి ఈ పింక్, బ్లూ గొడవేంటి?

(తెర మీద: 1918 జూన్)

అమెరికాలో పిల్లల బట్టల వ్యాపారులు చదివే ఒక పత్రిక ఆ నెలలో ఏం రాసిందంటే, పింక్ గట్టి రంగు కాబట్టి మగపిల్లలకి, బ్లూ నాజూకు రంగు కాబట్టి ఆడపిల్లలకి! 1927లో టైమ్ పత్రిక పెద్ద షాపులను ఆరా తీస్తే ఒక్కోటీ ఒక్కో మాట చెప్పింది. బోస్టన్, షికాగో షాపులు బాబుకి పింక్ అన్నాయి, ఇంకొన్ని పాపకి అన్నాయి. అమ్మేవాళ్లకే అప్పటికి ఓ మాట కుదరలేదన్నమాట.

ఇప్పటి రూలు 1980ల్లో బిగుసుకుందంటారు ఈ రంగుల చరిత్ర రాసిన జో పావొలెట్టి. స్కానింగ్‌లో ముందే తెలిసిపోవడంతో, బిడ్డ పుట్టకముందే ఆ రంగు ఉయ్యాల, దుప్పటి, గోడకి పెయింట్ అన్నీ కొనిపించడం సులువైంది. (మన దేశంలో 1994 చట్టం ప్రకారం అలా చెప్పడం నేరం. అమెరికాలో ఉన్న మనవాళ్లు మాత్రం కేకు కోసి మరీ చెబుతున్నారు.) వ్యాపారికి లాభం ఎక్కడంటే, అక్క పింక్ సైకిల్ తమ్ముడు తొక్కనంటాడు. ఇంకోటి కొనాలి.

(తెర మీద: అనకాపల్లి జిల్లా ఏటికొప్పాక. తిరుగుతున్న అంకుడు కర్రకి లక్క ముక్క ఆనించిన చెయ్యి.)

ఇక బొమ్మలు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి రంగు పట్టేస్తోంది, చూడండి. పసుపు రంగు వంటింటి పసుపు నుంచే, నీలం నీలిమందు నుంచి. లక్కపిడతలైనా బొంగరమైనా అదే కర్ర, అదే లక్క. ఇది పాపకి, అది బాబుకి అన్న పంపకం కొన్నవాళ్ల ఇంటికొచ్చాకే. బొంగరానికి తాడు చుట్టి విసిరే ఒడుపు పాపకెందుకొద్దో, అందరికీ వడ్డించే వంటాట బాబుకెందుకొద్దో నాకైతే ఎప్పుడూ అర్థం కాదు. తినేటప్పుడు ఇద్దరూ తింటారు కదా!

కాలిఫోర్నియాలో 2024 జనవరి నుంచి, 500 మందికి తక్కువ కాకుండా ఉద్యోగులుండి పిల్లల సామాన్లు అమ్మే స్టోర్లలో బొమ్మలకి ఉమ్మడి అర ఒకటి ఉండాలని చట్టం. బట్టలు దాని కిందికి రావు.

మన షాపుల్లో అడిగే మొదటి ప్రశ్న "బాబా, పాపా?" "మూడేళ్లండి, కాటన్‌లో చూపించండి" అనండి. ఆయన మళ్లీ అదే అడుగుతాడు. మీరూ మళ్లీ కాటనే అనండి.