అటారీని ముంచింది ఈటీ కాదు

అధ్యక్షులు గారికి, ప్రిన్సిపాల్ గారికి, వేదిక మీది పెద్దలకు, పొద్దున్నుంచీ ఓపికపట్టి కూర్చున్న పిల్లలందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండమ్మా, ఈ రెండు వరసలూ ఖాళీగానే ఉన్నాయి. జ్యోతి ప్రజ్వలన, శాలువా, మెమెంటో అన్నీ అయిపోయాయి కాబట్టి నేరుగా విషయంలోకి వెళ్దామనే వచ్చాను.

కార్డులో నా అంశం ‘గేమింగ్ రంగంలో ఉపాధి అవకాశాలు’ అని వేశారు. స్లైడ్లు కూడా చేసుకొచ్చాను. కానీ ఇందాక నన్ను పరిచయం చేసిన అబ్బాయి చక్కగా మాట్లాడుతూ మాట్లాడుతూ ఒక మాటన్నాడు. ‘ఈటీ అనే ఒక్క చెత్త ఆట వల్ల అటారీ అంత కంపెనీ మునిగిపోయింది, ఐదు వారాల్లో చుట్టేస్తే అంతే మరి’ అని. బాబూ, నీ మీద కోపం లేదు. లోకమంతా నలభై ఏళ్లుగా అంటున్న మాటే నువ్వూ అన్నావు. అయినా ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ ప్రొజెక్టర్ కాసేపు ఆపేయండి నాయనా.

అటారీ పేరు మీలో చాలామంది టీషర్టు మీద చూసి ఉంటారు. ఈ వీడియోగేమ్ కంపెనీని 1972లో కాలిఫోర్నియాలో నోలన్ బుష్నెల్, టెడ్ డాబ్నీ అనే ఇద్దరు పెట్టారు. కొత్తగా చేరిన ఆల్ ఆల్కార్న్ అనే ఇంజనీరుకు చెయ్యి తిరగడం కోసమని ఒక చిన్న పని అప్పజెప్పారు. అటు ఒక గీత, ఇటు ఒక గీత, మధ్యలో బంతి. అదే పాంగ్. సన్నీవేల్‌లోని ఒక బారులో పెట్టి చూశారు. కొన్నాళ్లకు మిషన్ చెడిపోయిందని కబురొచ్చింది. ఆల్కార్న్ వెళ్లి తెరిచి చూస్తే చెడింది ఏమీ లేదు, చిల్లర పడే డబ్బా నిండిపోయి ఇంక నాణెం పట్టట్లేదు. మన స్టీవ్ జాబ్స్ కూడా ఆపిల్ పెట్టకముందు అక్కడే జీతానికి చేశాడు. మధ్యలో మన దేశానికొచ్చి, గుండు చేయించుకుని వెళ్లి, మళ్లీ అక్కడే చేరాడు. అది వేరే కథ. దానిలోకి వెళ్తే ఇవాళ భోజనాలు ఉండవు.

1976లో వార్నర్ కమ్యూనికేషన్స్ ఈ కంపెనీని 2.8 కోట్ల డాలర్లకు కొనేసింది. మరుసటి ఏడాది ఇంట్లో టీవీకి తగిలించుకునే యంత్రం వచ్చింది. తర్వాత దాన్నే అటారీ 2600 అన్నారు. ఇంజనీరింగ్ పిల్లలు కాబట్టి దీని లోపలి సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే నా వాదనంతా అక్కడే ఉంది. దాని ర్యామ్ ఎంతో తెలుసా? 128 బైట్లు. కిలోబైట్లు కాదు, బైట్లు. తెలుగు యూనికోడ్‌లో ఒక్కో గుర్తుకు 3 బైట్లు పడుతుంది కదా, అంటే 42 గుర్తులు దాటితే దాంట్లో చోటు లేదు. ఇప్పుడు నేను చెబుతున్న ఈ ఒక్క వాక్యం కూడా పట్టదు.

మరి తెర మీద బొమ్మ మొత్తాన్ని ఎక్కడ దాచుకోవాలి? ఎక్కడా దాచుకోలేరు. టీవీ పైనుంచి కిందికి గీత గీతగా బొమ్మ గీసుకుంటూ పోతుంటుంది. ఒక్కో గీతకు ప్రాసెసర్‌కు దొరికేది 76 సైకిళ్లు, అంటే దాని గడియారం 76 సార్లు టిక్కుమనేంత సేపే. ఆ వ్యవధిలో ఈ గీతలో ఏ రంగు, ఎక్కడ ఏ చుక్క అని చెప్పేయాలి. ఆలస్యమైతే టీవీ ఆగదు. కోడు, బొమ్మ, చప్పుడు, ఆట నడక అన్నీ ఒక్కడే, అదీ 4 కిలోబైట్ల క్యాసెట్‌లో. (వాళ్లు కార్ట్రిడ్జ్ అంటారు, మనకి అలవాటైన మాట క్యాసెట్టే.) ఇంత పని ఒంటి చేత్తో చేసిన మనిషి పేరు ఆ డబ్బా మీద ఎక్కడుండేదో చెప్పండి. ఎక్కడా లేదు. డబ్బా మీద లేదు, లోపలి పుస్తకంలో లేదు, తెర మీద లేదు.

1978 చివరికి బుష్నెల్ వెళ్లిపోయాడు, రే కసార్ పెత్తనం వచ్చింది. ఆయన బట్టల పరిశ్రమ నుంచి వచ్చిన మనిషి, బర్లింగ్టన్ ఇండస్ట్రీస్‌లో పెద్ద హోదాలో చేసి వచ్చాడు. ఆయన్ని తిట్టడం సులువు. నిజం చెప్పాలంటే అమ్మడం ఎలాగో అటారీకి నేర్పింది ఆయనే. 1980లో స్పేస్ ఇన్వేడర్స్ అనే ఆట హక్కులు తెచ్చి ఇంటి యంత్రం మీదికి ఎక్కించాక అమ్మకాలు ఎక్కడికో వెళ్లిపోయాయి. 1982 నాటికి వార్నర్ లాభాల్లో సగానికి పైగా అటారీదే. కాబట్టి చేతకానివాడని అనను. కాకపోతే బట్ట నేసినవాడి పేరు చొక్కా మీద ఉండదు కదా, ఆటకు మాత్రం ఎందుకు అన్నది ఆయన లెక్క.

ఇక్కడ అటారీలో ఆటలు చేసే నలుగురి సంగతి చెప్పాలి. డేవిడ్ క్రేన్, లారీ కాప్లన్, అలన్ మిల్లర్, బాబ్ వైట్‌హెడ్. ఏ ఆట ఎంత అమ్ముడైందో మార్కెటింగ్ వాళ్లు ఒక కాగితం పంచారు. ఇలాంటివి ఇంకా చేయండి అని దాని ఉద్దేశం. వీళ్లు నలుగురూ కూర్చుని కూడారు. అమ్మకాల్లో 60 శాతం దాకా తమ నలుగురి ఆటలదే అని తేలిందని క్రేన్ తర్వాత చాలాసార్లు చెప్పాడు. ఒక్కొక్కరి జీతం ఏడాదికి దాదాపు 30 వేల డాలర్లు. పోయి అడిగారు. కోట్లు అడగలేదు, డబ్బా మీద పేరు, అమ్మకంలో చిన్న వాటా. వాళ్లు చెప్పినదాన్ని బట్టి వచ్చిన జవాబేమిటంటే, ఆ క్యాసెట్లను ఫ్యాక్టరీలో జోడించే మనిషికంటే మీరేమీ ఎక్కువ కాదు అని.

వెళ్లిపోయారు. 1979లో యాక్టివిజన్ పెట్టారు. అటారీ యంత్రానికే ఆటలు చేసి అమ్మారు, ఎవరు చేశారో ఆ మనిషి పేరు వేసి మరీ. క్రేన్ చేసిన పిట్‌ఫాల్ 1982లో వచ్చి 40 లక్షలకు పైగా అమ్ముడైంది. అటారీ కోర్టుకెక్కింది. చివరికి రాజీ పడి, రాయల్టీ ఇవ్వండి, చేసుకోండి అంది. దాంతో గేటు బార్లా తెరుచుకుంది. ఎవరు పడితే వాళ్లు ఆటలు చేయడం మొదలుపెట్టారు. మనం పొద్దున్నే తినే ఓట్స్ ఉన్నాయే, ఆ క్వేకర్ కంపెనీకి కూడా ఒక వీడియోగేమ్ విభాగం పుట్టింది! కొట్లలో క్యాసెట్లు గుట్టలు పడ్డాయి. ఆ గుట్టకు మూలం ఎక్కడుంది? నలుగురు మనుషులకు పేరు ఇవ్వనన్న ఆ గదిలో ఉంది.

అధ్యక్షులు గారు చీటీ పంపారు, ‘ఇంకా 10 నిమిషాలు’ అని. సరే సార్.

వెళ్లకుండా ఉన్నవాళ్లు ఏం చేశారో వినండి, ఇది మీకు నచ్చుతుంది. వారెన్ రాబినెట్ అనే కుర్రాడు ‘అడ్వెంచర్’ అనే ఆట చేశాడు. అందులో మీరొక చతురస్రం. కోటలు, తాళాలు, డ్రాగన్లు. నల్లకోట లోపలి చిక్కుదారిలో ఒకచోట ఒక చుక్క పెట్టాడు, వెనకున్న బూడిద రంగులోనే, కంటికి ఆనకుండా. తడుముకుంటూ దాన్ని తీసుకుని బయటికొచ్చి, ఫలానా గోడ దగ్గర ఇంకో రెండు వస్తువులతో కలిపి పెడితే గోడ మిణుకు మిణుకుమంటుంది. ఎందుకో మీకు తెలియాలి. ఆ యంత్రం ఒకేసారి రెండు వస్తువులకు మించి సరిగా చూపలేదు, మూడోది వస్తే వంతులవారీగా చూపిస్తుంది. ఆ లోపాన్నే తలుపు చేసుకున్నాడు మహానుభావుడు. గోడలోంచి దూరి వెళ్తే రహస్య గది. గదిలో రంగులు మారుతూ నిలువుగా ‘సృష్టించినవాడు వారెన్ రాబినెట్’ అనే వాక్యం. ఎవరికీ చెప్పలేదు, పై అధికారులకు అసలే చెప్పలేదు. ఆయన ఉద్యోగం మానేసి వెళ్లాక, సాల్ట్ లేక్ సిటీలో ఒక పదిహేనేళ్ల పిల్లాడు దాన్ని కనిపెట్టి కంపెనీకి ఉత్తరం రాస్తే అప్పుడు తెలిసింది. మీరిప్పుడు ఈస్టర్ ఎగ్ అని సరదాగా వెతుకుతారే, అది మొదట్లో సరదా కాదు, కడుపుమంట.

నాకూ కొంచెం ఉంది ఆ మంట. చెప్పేస్తాను. హైదరాబాదులో నేను చాలాకాలం ఒక స్టూడియోలో చేశాను, పేరు అడగకండి. విదేశీ కంపెనీల ఆటలకు ఇక్కడ బొమ్మలు చేసి పంపేవాళ్లం. తలుపులు, బండరాళ్లు, పీపాలు, శిథిలాలు. మా టీములో నల్గొండ నుంచి వచ్చిన ఒకమ్మాయి ఒక కోట మెట్ల మీద ఎంత పని చేసిందో! ఏ మెట్టు ఎక్కువ అరగాలి, ఏ మూల నాచు పట్టాలి అని ఊళ్లో పాత కోనేటి ఫోటోలు తెచ్చుకుని మరీ చేసింది. ఆట వచ్చింది, ప్రపంచమంతా ఆడింది. వాళ్ల నాన్న కూతురి పేరు చూద్దామని ఊరి నుంచి వచ్చారు. అందరం టీవీ ముందు కూర్చున్నాం. చివర్లో పేర్లు పోతున్నాయి, పోతున్నాయి. ఆ ఆట తయారవుతుండగా అక్కడివాళ్లకు పుట్టిన పసిపిల్లల పేర్లు కూడా వచ్చాయి. మాది మాత్రం ఒక్క వరుస, స్టూడియో పేరు, అంతే. ‘మళ్లీ వెనక్కి తిప్పమ్మా, నేనే సరిగా చూడలేదేమో’ అన్నాడాయన. ఆ పిల్ల వెనక్కి తిప్పింది. మేనేజరును అడిగితే, ఒప్పందంలో లేదన్నాడు. తర్వాత ఏడాదికి ఆ అమ్మాయి ఉద్యోగం మానేసి బ్యాంకు పరీక్షలు రాసుకుంది. అటువంటి మెట్లు మళ్లీ మా దగ్గర ఎవరూ చేయలేదు.

సరే, ఈటీ. ఎక్కడో మొదలుపెట్టి ఎక్కడికో వచ్చాను.

ఈటీ అంటే ముందు స్పీల్‌బర్గ్ తీసిన సినిమా, 1982 జూన్‌లో వచ్చింది. దాని మీద ఆట చేసే హక్కుల బేరం జులై చివరికి గాని తెగలేదు. వార్నర్ పెద్దలు స్పీల్‌బర్గ్‌తో చేసుకున్న బేరం అది, రెండు కోట్ల డాలర్లకు పైనే అని పత్రికలు రాశాయి. క్రిస్మస్‌కు కొట్లలో ఉండాలంటే సెప్టెంబరు 1కి ఆట చేతికి రావాలి. అటారీలోనే ఆటలు చేసే హోవర్డ్ స్కాట్ వార్షాకు ఫోను చేశారు. అంతకుముందు ‘యార్స్ రివెంజ్’ చేసింది ఆయనే, అందులో ఆయనా తన పొడి అక్షరాలు దాచుకున్నాడు! చేయగలవా అంటే చేస్తానన్నాడు. ఇంట్లోనే యంత్రం పెట్టించుకుని పగలూ రాత్రీ చేశాడు. ఆ ఆటలో గుంటల్లో పడటం, పైకి రావడం విసుగే, ఒప్పుకుంటాను. కానీ నెలలు పట్టే పనికి ఐదు వారాలు ఇచ్చింది ఎవరు? పది లక్షలా, నలభై లక్షలా ఎన్ని క్యాసెట్లు కొట్టాలో నిర్ణయించింది ఎవరు? వార్షా కాదు. ఆ ఏడాదే ప్యాక్‌మాన్ అనే ఆటకూ ఇదే జరిగింది, అప్పటికి జనం ఇళ్లలో ఉన్న యంత్రాల కంటే ఎక్కువ క్యాసెట్లు అచ్చు వేశారని చెబుతారు. దానికి తోడు, 1982కి కావలసిన సరుకంతా ఒకేసారి ముందే ఆర్డర్ పెట్టమని అంతకుముందు ఏడాదే డీలర్లకు చెప్పారు. అడిగినదాంట్లో సగమే వస్తుందని అలవాటుపడ్డ డీలర్లు రెండింతలు రాశారు. తర్వాత పక్క కంపెనీల ఆటలు దొరుకుతుంటే అవి రద్దు చేసుకున్నారు. కంపెనీ మాత్రం ఆ కాగితం ఆర్డర్లను నిజమనుకుంది.

1982 డిసెంబరు 7న, అనుకున్నంత పెరుగుదల లేదు అని ప్రకటించారు. మర్నాడు వార్నర్ షేరు మూడో వంతు పడిపోయింది. ఆ ప్రకటనకు కాస్త ముందే కసార్ 5,000 షేర్లు అమ్ముకున్నాడు, దాని మీద కేసు కూడా నడిచింది. 1983లో అటారీ నష్టం 50 కోట్ల డాలర్లు దాటింది. ఆ సెప్టెంబరులో అమ్ముడుపోని సరుకును లారీల్లో న్యూమెక్సికోలోని అలమొగోర్డో చెత్త డంపుకు తోలి పాతిపెట్టారు. ఈటీ సమాధి అని కథలు పుట్టింది అప్పుడే. 2014లో తవ్వారు. ఏం దొరికాయి? దాదాపు 1,300 క్యాసెట్లు పైకి తీస్తే ఈటీవి కొద్ది భాగమే, మిగతావన్నీ రకరకాల ఆటలు, వాటిలో బాగా పేరు తెచ్చుకున్నవీ ఉన్నాయి. వార్షా అక్కడే నిలబడి చూశాడు. ఆయన ఇప్పుడు మానసిక చికిత్స చేస్తున్నాడు. చూశారా, ఎక్కడా పేరు వేయని కంపెనీ పతనానికి మాత్రం ఒక ఉద్యోగి పేరు అందరికీ తెలుసు!

తర్వాతిది గబగబా చెప్పేస్తాను. 1984లో ఇంటి ఆటల వ్యాపారాన్ని కమొడోర్ కంప్యూటర్ల కంపెనీ పెట్టిన జాక్ ట్రామియెల్‌కు ఇచ్చేశారు. 1993లో జాగ్వార్ అనే యంత్రం తెచ్చారు, నిలవలేదు. పేరు ఆటబొమ్మల కంపెనీ హాస్‌బ్రోకు పోయింది, అక్కణ్నుంచి ఫ్రెంచి కంపెనీ ఇన్ఫోగ్రామ్స్‌కు. వాళ్లు తమ సొంత పేరు తీసేసి అటారీ అని పెట్టుకున్నారు. ఖాళీ అయిన మార్కెట్లోకి నింటెండో వచ్చింది, ఎవరు పడితే వాళ్లు క్యాసెట్లు చేయకుండా లోపల తాళం చిప్పు పెట్టి మరీ. నా తరం పిల్లలు సందు చివరి వీడియోగేమ్ షాపుల్లో గంటకింత అని ఆడినవి ఆ యంత్రానికి నకళ్లే. ఆ క్యాసెట్లలో చాలావాటికి మనిషి పేరు సరే, కంపెనీ పేరు కూడా చెరిపేసి ఉండేది.

పేర్లు వేసి ఉంటే అటారీ బతికేదా అని అడగొచ్చు. గ్యారంటీ ఇవ్వలేను. కానీ ఐదు వారాల్లో ఇది కాదండీ అని గట్టిగా చెప్పగలిగిన, చెబితే చెల్లుబాటయ్యే మనుషులు అప్పటికి బయట ఉన్నారు, పోటీ కంపెనీల్లో.

మళ్లీ చీటీ. అయిపోయింది సార్, ఒక్క మాట. ఫైనలియర్ వాళ్లూ, ఆఫర్ లెటర్ వస్తే ప్యాకేజీ చూస్తారు, బాండు ఎన్నేళ్లో చూస్తారు. గేమ్ స్టూడియో అయితే ఇంకొకటి అడగండి. క్రెడిట్స్‌లో మనుషుల పేర్లు వేయిస్తారా, మధ్యలో మానేసినవాళ్లవి ఉంచుతారా అని. ఒక్కరు అడిగితే నవ్వుతారు, బ్యాచ్ అంతా అడిగితే కాగితం మీద రాస్తారు. ఇంకోటి, వస్తూ వస్తూ కింద వరండాలో మీరు పెట్టిన స్టాళ్లు చూశాను. ఆ పరుగు పందెం ఆట చాలా బాగుంది, అన్నిటి మీదా ‘సీఎస్‌ఈ, థర్డ్ ఇయర్’ అని ఒక్క ముక్కే ఉంది. భోజనాల టైములోపు స్కెచ్ పెన్ను తీసుకుని పేర్లు రాసెయ్యండి, బొమ్మలు వేసినవాళ్లవి కూడా. ప్రశ్నలుంటే అడగండి. మైకు ఆ కిటికీ పక్కన చెయ్యెత్తిన అమ్మాయికివ్వండి.