కాకినాడలో దిగాం, ఎక్కడ తిందాం?

(స్టూడియో చర్చ. పాల్గొన్నవారు: కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైన మాస్టారు, కాకినాడ రేవు దగ్గరి ఏటిమొగలో చేపలమ్మే పెద్దమ్మ, తిండి వీడియోలు తీసే కుర్రాడు.)

వ్యాఖ్యాత: నమస్కారం. పెళ్ళిళ్ళకి వచ్చేవాళ్ళు, కోరంగి మడ అడవులు చూద్దామని వచ్చేవాళ్ళు, అందరూ మాకు ఫోన్ చేసి అడిగేది ఒకటే: కాకినాడలో ఎక్కడ తినాలి? రెండు పేర్లు వాళ్ళకీ తెలుసు. మధ్యాహ్నం సుబ్బయ్య గారి హోటలు, ఊరెళ్ళేటప్పుడు కోటయ్య కాజా. మిగతా టైమంతా ఏం చేయాలన్నదే ఇవాళ్టి మాట. ముందు నువ్వు చెప్పు బాబూ, వీడియోలు తీస్తావు కదా.

కుర్రాడు: మొన్న ఒక వీడియో పెట్టానండీ. ఒక్కరోజులో కాకినాడలో పన్నెండు చోట్ల ఎలా తినొచ్చో...

మాస్టారు: పన్నెండా! పదమూడోది పెద్దాసుపత్రి క్యాజువాలిటీ అని కూడా పెట్టావా?

కుర్రాడు: (నవ్వుతూ) అందరూ తినలేరు లెండి మాస్టారూ. నచ్చింది ఏరుకుంటారని.

మాస్టారు: ఏరుకోవడం దగ్గరే వస్తోంది చిక్కు. నీ వీడియో చూశాను. పదకొండు గంటలకి పెసరట్టు తిన్నావు. మినప్పిండి పులిస్తేనే రుచి, పెసరపిండి పులిస్తే అట్టు పాడు. రాత్రి పెసలు నానబోసి, తెల్లవారుజామున అల్లం, పచ్చిమిర్చి వేసి రుబ్బిన పిండి ఏడున్నరకి ఒకలా ఉంటుంది, ఎండెక్కాక ఇంకోలా ఉంటుంది. నువ్వు తిన్నది ఇంకోలా ఉన్నది. కింద కామెంట్లలో 'ఇంతేనా కాకినాడ పెసరట్టు' అని రాశారు. తప్పు బండివాడిది కాదయ్యా, నీ గడియారానిది.

వ్యాఖ్యాత: అంటే ఎక్కడ తినాలి అని కాదు...

మాస్టారు: ఎప్పుడు తినాలి అని అడగాలమ్మా. పొద్దున్న ఏడింటికి బాలాజీ చెరువు నుంచి మెయిన్ రోడ్డు వైపు నడవండి. ఏ బండి దగ్గర ఆఫీసులకెళ్ళేవాళ్ళు స్కూటరు దిగకుండా పార్శిల్ అడుగుతున్నారో అక్కడ ఆగండి. పేరెందుకు? ఇవాళ పేరు చెప్తే రేపు ఆ బండి పక్క సందులోకి మారిపోతుంది. పెనం మీద అట్టు, మీద ఉల్లిపాయ ముక్కలు, జీలకర్ర, లోపల గరిటెడు ఉప్మా, పక్కన అల్లం పచ్చడి. కొబ్బరి చట్నీ వేయబోతే వద్దనండి. పెసరట్టుకి అల్లప్పచ్చడే.

కుర్రాడు: నాకు కొబ్బరి చట్నీతోనే బావుంటుందండీ.

మాస్టారు: చెప్పాను కదమ్మా, ఈ తరం అంతే.

వ్యాఖ్యాత: పెద్దమ్మా, మీరు మాట్లాడాలి. మీ పొద్దు ఎన్నింటికి మొదలవుతుంది?

పెద్దమ్మ: మాకు పొద్దేటమ్మా, నడిరేయే పొద్దు. బోట్లొచ్చేసరికి రేవులో ఉండాలి. వేలం పాట పాడతారు, పాటలో పట్టుకున్నది గంపకెత్తుకుని వీధులెంట తిరగాలి. తొమ్మిదయ్యేసరికి మంచి చేప మా దగ్గరుండదండి. ఈ బాబులాంటోళ్ళు పదకొండింటికొచ్చి 'ఫ్రెష్షేనా' అని అడుగుతారు. ఏం చెప్పమంటారు?

కుర్రాడు: ఎలా కనిపెట్టాలో చెప్పు పెద్దమ్మా, జనానికి పనికొస్తుంది.

పెద్దమ్మ: మొప్ప ఎత్తి చూడు బాబూ, రక్తంలా ఎర్రగా ఉండాలి. నల్లబడితే ముట్టుకోకు. కన్ను ఉబ్బుగా, మెరుస్తా ఉండాలి. వేలెట్టి నొక్కితే గుంట పడకూడదు. ఐసులో పెట్టిన చందువా, అదే మీ పాంఫ్రెట్టు, చూడ్డానికి తెల్లగా బానే ఉంటాది, మొప్ప మాత్రం దాచలేరు. ఆయ్.

వ్యాఖ్యాత: కానీ బయటి ఊరినుంచి వచ్చినవాళ్ళు చేప కొని ఎక్కడ వండించుకుంటారు?

పెద్దమ్మ: చిన్న మెస్సులోళ్ళని పొద్దున్నే అడగాలండి. అప్పటికప్పుడెళ్ళి 'కోనాం ముక్క ఉందా' అంటే నిన్నటి ముక్కే వస్తాది. పొద్దున్నే చెప్పి, ఇంతమందిమి వస్తామంటే ఆళ్ళే కొనుక్కొస్తారు. పులుసుకి పండుగప్ప, వేపుడుకి చందువా గానీ కోనాం గానీ. చవగ్గా కావాలంటే కానాగంతలు, కవళ్ళు. కవళ్ళల్లో ముల్లుంటాది, రుచీ ఉంటాది.

మాస్టారు: ఒక ముఖ్యమైన సంగతి వదిలేస్తున్నాం. వేట నిషేధం. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్లు సముద్రంలోకి వెళ్ళవు. చేపలు గుడ్లుపెట్టే కాలమని. సరిగ్గా అవే వేసవి సెలవులు. హైదరాబాదు నుంచి జనం పిల్లల్ని తీసుకుని సముద్రపు చేప తిందామని మేలో దిగుతారు!

వ్యాఖ్యాత: మరి ఆ రెండు నెలలూ హోటళ్ళలో పెట్టేదేమిటి?

పెద్దమ్మ: చెరువు రొయ్య, చెరువు చేప అండి. తెప్పల మీద పోయి ఒడ్డున వేసే వల చేప కొంచెం వస్తాది, అది ఊరోళ్ళకే చాలదు. ఆ రోజుల్లో మేం తినేది ఎండు మెత్తళ్ళు, ఎండబెట్టిన చిన్న చేపలు. మామిడికాయలు అప్పుడే కదండీ వచ్చేది. పుల్లమామిడికాయ ముక్కలేసి మెత్తళ్ళ పులుసెడితే, తాజా చేప ఎవడికి కావాలి!

మాస్టారు: అదీ. మేలో వచ్చినవాడు పాంఫ్రెట్ ఫ్రై అడక్కూడదు, మామిడికాయ మెత్తళ్ళు అడగాలి. పెద్ద రెస్టారెంటు మెనూలో అది కనిపించదు. వాసనకి ఏసీ గది తట్టుకోదని వాళ్ళ భయం.

కుర్రాడు: దీనిమీద వీడియో చేస్తానండీ. పెద్దమ్మా, మీ ఇంటికి రావచ్చా?

పెద్దమ్మ: రా బాబూ. కెమెరా ఇంట్లో వదిలేసి రా.

వ్యాఖ్యాత: పీతల గురించి అడగమని నిన్న ఒకరు మెసేజ్ పెట్టారు.

పెద్దమ్మ: మడపీత అమావాస్యకి తినాలండి. పున్నమికి డొల్లగా ఉంటాదంటారు మా పెద్దోళ్ళు. మేమైతే అదే పాటిస్తాం.

మాస్టారు: కోరంగి మడ అడవుల్లో నీళ్ళు ఉప్పూ తీపీ కలిసి ఉంటాయి. రొయ్యకీ పీతకీ పసితనమంతా ఆ వేళ్ళ మధ్యే. 1978లో దాన్ని అభయారణ్యం చేశారు. జనం అక్కడ చెక్కల వంతెన మీద ఫొటోలు దిగి వచ్చేస్తారు గానీ, మధ్యాహ్నం తమ పళ్ళెంలోకి వచ్చింది ఎక్కడ పెరిగిందో ఆ వంతెన కిందే చూడొచ్చు.

వ్యాఖ్యాత: ఇక గోదారి చేప పులస. వద్దన్నా ఎవరో ఒకరు అడుగుతారు.

మాస్టారు: నా అనుభవం చెప్పనా? ఒక శ్రావణంలో, ఊరు చెప్పను, మనిషిని చెప్పను, పులస అని ఒకాయన అంటగడితే వేలు పోసి కొన్నాను. ముప్ఫయ్యేళ్ళు కెమిస్ట్రీ చెప్పినవాణ్ణి, నాకు తేడా తెలియలేదు. మా ఆవిడ ఇంకా పులుసు పొయ్యి మీద ఉండగానే వాసన చూసి 'ఇది గోదారి నీళ్ళు తాగిన చేప కాదండీ' అంది. ఐసు పెట్టెలో వేరే రాష్ట్రం నుంచి వచ్చిన విలస అని తర్వాత తెలిసింది. ఆ రాత్రి మా ఇంట్లో నా డిగ్రీల మీద కొంత చర్చ జరిగింది.

పెద్దమ్మ: (నవ్వుతూ) మాస్టారుగోరూ, నన్ను పిలవాల్సింది. సముద్రంలో ఉన్నంతకాలం అది విలసేనండి. గోదాట్లో ఎర్రనీరొచ్చాక ఎదురీది పైకొస్తాది చూడండి, అప్పుడు పులసవుద్ది. ఎర్రనీరు రాకుండా పులస ఉందన్నాడంటే అబద్ధమే.

మాస్టారు: అంటే జూలై నుంచి సెప్టెంబరు దాకా, అదీ వరదని బట్టి. పుస్తెలమ్మి అయినా పులస తినాలన్నారు పెద్దలు. ఆ పుస్తెలు ఎవరివో, తిన్నది ఎవరో మాత్రం ఎవరూ చెప్పలేదు.

వ్యాఖ్యాత: బావుంది మాస్టారూ! ఎలా వండాలి పెద్దమ్మా?

పెద్దమ్మ: మట్టిదాకలో, సన్నసెగ మీద. బెండకాయలేస్తారు, ఆఖర్న ఆవకాయ తేట పోస్తారు. గరిటెట్టి తిప్పకూడదు, దాకనే పట్టుకుని ఊపాలి. వండినరోజు కాదండి, మర్నాడు తినాలి. హోటలోడు మర్నాటిదాకా ఆగుతాడా?

మాస్టారు: అందుకే పులస హోటల్లో తినేది కాదని నా అభిప్రాయం. వండే ఇంటికి చుట్టంగా వెళ్ళాలి. చుట్టరికం లేకపోతే చీరమీనుకి రండి. అక్టోబరు, నవంబరుల్లో తూర్పుగాలి మొదలవగానే యానాం వైపు వస్తుంది. వేలెడు పొడవు కూడా ఉండదు, చీరలు పరిచి పడతారు, గ్లాసులతో, సోలలతో కొలిచి అమ్ముతారు. తమాషా ఏమిటంటే అది సరిగ్గా కార్తీకమాసంలో దిగుతుంది. ఊళ్ళో సగంమంది నియమంలో ఉంటారు. మిగిలిన సగం ఆ నియమానికి దండం పెట్టుకుని రెండు సోలలు కొంటారు.

కుర్రాడు: మాస్టారూ, శాకాహారుల సంగతి? మా వీడియోలకి సగం ప్రశ్నలు వాళ్ళవే.

మాస్టారు: వాళ్ళకి ఈ ఊరు స్వర్గం. సుబ్బయ్య గారి హోటలు పేరు అరిగిపోయిందని నువ్వు లిస్టులో ఆఖర్న పెట్టావు గానీ, అరిగిపోవడానికి కారణం ఉంది. బుట్ట భోజనం అని పార్శిల్ ఇస్తారు. రైల్లో ఆ బుట్ట విప్పితే పెట్టెలో అందరి మెడలూ తిరుగుతాయి. మామూలు భోజనానికైనా ఆదివారం ఒంటిగంటకి వెళ్ళకండి, పదకొండున్నరకి వెళ్ళండి. కూర్చోబెట్టి మారు మారు వడ్డిస్తారు. పప్పు, పచ్చడి దగ్గరే పొట్ట నింపేసుకుంటే ఓడిపోయినట్టే. ఆవ పెట్టిన పనసపొట్టు కూర ఉన్నరోజైతే అన్నీ పక్కకి నెట్టి దానికే చోటుంచుకోండి.

వ్యాఖ్యాత: కాజా?

మాస్టారు: గొట్టం కాజా. తాపేశ్వరానిది మడత కాజా, దాన్ని పొరలుపొరలుగా విప్పుకు తింటారు. మనది గొట్టం, లోపల పాకం ఉంటుంది. మధ్యలో కొరికితే చొక్కా పాడవుతుంది. ఒక చివర చిన్నగా కొరికి ముందు పాకం పీల్చాలి. అంతా కిలో డబ్బా కట్టించుకుని పోతారు గానీ, కొట్టు ముందే నిలబడి రెండు తిని వెళ్ళండి. డబ్బాలో మూడోరోజు కాజాకీ దీనికీ పోలికే లేదు.

వ్యాఖ్యాత: సాయంత్రం బీచ్ దగ్గర?

కుర్రాడు: ఇది నేను చెప్తానండీ. బీచ్ ఊరికి ఆనుకుని లేదు, వాకలపూడి దాటి వెళ్ళాలి. ఊరి ముందు హోప్ ఐలాండ్ అనే దీవి అడ్డం ఉండడంతో రేవు దగ్గర నీళ్ళు చెరువులా ఉంటాయి, అలలు చూడాలంటే అంత దూరం పోవాలి. అందుకని చీకటిపడక ముందే బీచ్ చూసేసి, తినడానికి భానుగుడి వైపు వెనక్కి రావడం మంచిది. బీచ్‌లో ఏ నూనెలో ఎన్నిసార్లు వేయించారో నేను చెప్పలేను. ఊళ్ళోకొస్తే మిరపకాయ బజ్జీ చీల్చి ఉల్లిపాయ, నిమ్మరసం పెట్టినది, టమాటా బజ్జీ, మరమరాలతో కలిపే పిడత కింద పప్పు. తాగడానికి ఆర్టోస్.

మాస్టారు: ఒక్క మంచిమాట చెప్పావు. రామచంద్రపురంలో పుట్టిన కూల్‌డ్రింకు, పెద్దపెద్ద కంపెనీలు వచ్చినా మన గోదావరి జిల్లాల్లో ఇంకా బతికే ఉంది. పెళ్ళి భోజనం పక్కన ఆ సీసా లేకపోతే మా చిన్నప్పుడు పెళ్ళే కాదు.

వ్యాఖ్యాత: తాగడం అంటే చాలామంది అడిగేది వేరేది మాస్టారూ. యానాం మందు.

మాస్టారు: (నవ్వుతూ) అడుగుతారు. ఫ్రెంచివాళ్ళు 1954లో వదిలి వెళ్ళారు, ఊరు ఇప్పుడు పుదుచ్చేరి కింద ఉంది, మందు మీద పన్నులూ పుదుచ్చేరివే. మనకి ముప్ఫై కిలోమీటర్లు. చవకే. నా సలహా రెండు ముక్కలు: తాగితే రాత్రికి అక్కడే గది తీసుకోండి, బండి నడపొద్దు. సీసా సంచిలో పెట్టుకుని ఇటు తెచ్చారో, చెక్‌పోస్టులో ఎక్సైజు వాళ్ళు మీకంటే తెలివైనవాళ్ళు. నేనైతే యానాం వెళ్ళి గోదారి ఒడ్డున కూర్చుని కొబ్బరిబోండాం తాగి వస్తాను. మా ఆవిడ కూడా ఈ కార్యక్రమం చూస్తోంది కదా.

వ్యాఖ్యాత: ఒక ఫోన్ తీసుకుందాం. హలో, చెప్పండి.

ఫోన్‌లో ప్రేక్షకురాలు: నమస్తే అండీ, హైదరాబాదు నుంచి. వచ్చే శనివారం పొద్దున గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో దిగుతాం. అమ్మా నాన్న ఇద్దరికీ డెబ్బై దాటాయి, నాన్నకి షుగరు. మళ్ళీ ఆ రాత్రి బండికే తిరుగు ప్రయాణం. ఒక్కరోజులో ఏం తినమంటారు?

కుర్రాడు: మేడమ్, నా లిస్టులో నాలుగు...

మాస్టారు: ఆగవయ్యా. అమ్మా, స్టేషన్లో దిగి గదికెళ్ళి స్నానాలు చేసేలోపే టిఫిన్ ముగించండి, పెసరట్టు. నాన్నగారికి ఉప్మా లేకుండా. పదకొండున్నరకి భోజనం, అన్నం తక్కువ, కూరలు ఎక్కువ. మధ్యాహ్నం పడుకోబెట్టండి. సాయంత్రం ఒక గొట్టం కాజా కొని అందరూ పంచుకోండి. నాన్నగారికి చిటికెడు ముక్క చాలు.

పెద్దమ్మ: చేప తింటారా అమ్మా మీరు?

ఫోన్‌లో ప్రేక్షకురాలు: తింటామండీ. అమ్మకి చాలా ఇష్టం.

పెద్దమ్మ: అయితే మధ్యాహ్నం భోజనం మాస్టారుగోరు చెప్పిన చోట వద్దండి. శుక్రవారం రాత్రి మెస్సుకి ఫోన్ చేసి చెప్పండి, పండుగప్ప పులుసు అని. ముల్లు తక్కువ, పెద్దోళ్ళకి మంచిది.

మాస్టారు: నా బుట్ట భోజనం ఏం కావాలి మరి?

పెద్దమ్మ: అది రాత్రికి రైల్లోకి కట్టించుకోమనండి. మెడలు తిరుగుతాయన్నారుగా.

వ్యాఖ్యాత: మాస్టారు ఒప్పుకున్నట్టే ఉన్నారు. ఇంకో ఫోన్ ఉంది గానీ టైమ్ అయిపోయింది...

పెద్దమ్మ: నేనూ లేవాలమ్మా. రెండింటికి బోటుంది.