వాగు దగ్గర ఆగుదాం

శ్రోతలకు నమస్కారం.

వానాకాలం వచ్చిందంటే నాకు మా ఊరి వాగే గుర్తొస్తుంది. ఎండాకాలమంతా ఇసుక తేలి ఉండేది. పిల్లలం అందులో చెలమలు తీసుకుని ఆడుకునేవాళ్లం. ఒకరోజు సాయంత్రం పొలం నుంచి బండి మీద తిరిగొస్తున్నాం. మా వైపు చినుకు లేదు. వాగులో మోకాలి లోతు నీళ్లు ఉన్నాయంతే. తాత మాత్రం ఎడ్లను ఆపేశాడు. "నీళ్లు ఎర్రబడ్డాయి, పుల్లలు కొట్టుకొస్తున్నాయి, పైన వాన పడింది" అన్నాడు. గట్టున కూర్చున్నాం. కాసేపట్లోనే అది నడుము లోతు దాటింది. ఆ రాత్రి ఇవతలే తెలిసినవాళ్ల పాకలో పడుకున్నాం.

ఆకస్మిక వరద అంటే అదే. వాన ఒకచోట, వరద ఇంకోచోట. 2024 ఆగస్టు 31న ఎగువన కురిసిన కుండపోతకు బుడమేరు పొంగి, గండ్లు పడి, మర్నాడు విజయవాడ సింగ్ నగర్ వీధుల్లోకి వచ్చేసింది. ఎంతోమంది రోజుల తరబడి మేడల మీదే ఉండిపోయారు. అంతకు ముందు ఏడాది, 2023 జులై 27 తెల్లవారుజామున, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో మోరంచపల్లిని మోరంచవాగు ముంచెత్తింది. జనం ఇళ్ల పైకప్పులు, చెట్లు ఎక్కారు. అప్పుడే పక్కన ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 65 సెంటీమీటర్ల దాకా వాన పడింది. 20 సెంటీమీటర్లు దాటితేనే వాతావరణ శాఖ దాన్ని అత్యంత భారీ వర్షం అంటుంది.

అందుకే రెడ్ అలర్ట్ అని వినగానే కిటికీలోంచి ఆకాశం చూసి "ఇక్కడేమీ లేదులే" అనుకోకండి. ఎగువన చెరువులు అలుగు పారుతున్నాయా, గేట్లు ఎత్తారా అని కనుక్కోండి. లోతట్టులో ఉన్నవాళ్లు చీకటి పడకముందే, పెద్దవాళ్లను, పసిపిల్లలను తీసుకుని మెరక మీదికి వెళ్లిపోండి. వెళ్లేముందు మెయిన్ స్విచ్ ఆపండి. గొడ్లను గుంజలకు కట్టి వదిలేయకండి. పలుపు విప్పితే వాటి దారి అవి వెతుక్కుంటాయి.

ఇక నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది కల్వర్టుల గురించి. "రోజూ వెళ్లే దారే కదా, రెండడుగుల నీళ్లే కదా" అనుకుంటాం. ఆ రెండడుగుల నీళ్లే కారును తేల్చేస్తాయి. జానెడు లోతున్నా, వడిగా పారే నీళ్లు మనిషిని పడగొడతాయి. పైగా నీటి కింద రోడ్డు ఉందో లేదో ఎవరికి తెలుసు? 2024 సెప్టెంబర్ 1న మహబూబాబాద్ జిల్లా కేసముద్రం, ఇంటికన్నె మధ్య వరదకు రైలు కట్టే కొట్టుకుపోయింది. కంకర, మట్టి పోయి పట్టాలు గాల్లో వేలాడాయి. రైళ్ల బరువు మోసే కట్టే నిలవనప్పుడు మన ఊరి చిన్న కల్వర్టు నిలుస్తుందని ఏ ధైర్యంతో బండి దించుతాం? ముందు వెళ్లిన లారీ దాటింది కదా అని కూడా నమ్మకండి. ఆ లారీ బరువు వేరు, మీ బైకు బరువు వేరు.

పిడుగుల సంగతి కూడా చెప్పాలి. 1908లో మూసీ పొంగినప్పుడు అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది బతికారు. ఇప్పటికీ ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉందా చెట్టు. వరదలో అలా ప్రాణం పోసిన చెట్టే ఉరుములప్పుడు ప్రాణం తీస్తుంది. పొలంలో నాట్లు వేసేవాళ్లు, మేకలు కాసేవాళ్లు వాన మొదలవగానే చెట్టు కిందికి పరుగెత్తుతారు. దయచేసి వద్దు. మెరుపు కనబడ్డాక అంకెలు లెక్కపెట్టండి. మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. ముప్పై లోపే ఉరుము వినబడితే పిడుగు పది కిలోమీటర్ల లోపల ఉన్నట్టు. వెంటనే పక్కా ఇంట్లోకో, తలుపులు వేసిన కారులోకో వెళ్లండి. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగి బయటికి రండి. ఆలోపు మోటారు స్టార్టర్ ముట్టుకోవద్దు. ఫోన్‌లో దామిని అనే యాప్ ఉంటే మీ చుట్టుపక్కల పిడుగుల సమాచారం ముందే తెలుస్తుంది. పిడుగు తగిలిన మనిషిని పట్టుకుంటే షాక్ కొడుతుందని భయపడి చాలామంది దూరంగా నిలబడిపోతారు. అది నిజం కాదు. వాళ్ల ఒంట్లో కరెంటు ఉండదు. 108కి ఫోన్ చేయండి. ఊపిరి ఆడకపోతే వెంటనే ఛాతీ మీద గట్టిగా, ఆగకుండా నొక్కుతూ ఉండండి. నీళ్లలో చిక్కుకుంటే 112కు చేయండి.

ఒక్క మాట ఇంట్లో ఉన్నవాళ్లతో. మనవాళ్లు బయట ఉండి చీకటి పడితే మనకు టెన్షన్. "ఎక్కడున్నావ్, త్వరగా రా" అని మళ్లీ మళ్లీ ఫోన్ చేస్తాం. ఆ తొందరలోనే మనిషి వాగులోకి బండి దించుతాడు. ఈ రాత్రి వాన గట్టిగా పడితే ఆ ఫోన్ ఇంకోలా చేయండి. "మేం బాగానే ఉన్నాం. నువ్వు అక్కడే ఎవరింట్లోనైనా పడుకో, పొద్దున్నే రా" అని చెప్పండి.

నమస్కారం.