మార్కెజ్‌ని ఎన్నో కుర్చీలో కూర్చోబెట్టాలి?

నమస్తే అండి. మార్కెజ్ వీడియో అనగానే, ఫిలిప్పీన్స్ బాక్సర్ మానీ పకియావ్ బోర్లా పడిపోయిన ఆ సీన్‌తోనే మొదలుపెడతానని అనుకుని ఉంటారు. పెట్టను. అది చివర్లో చూద్దాం. అసలు నా గొడవంతా దాంతోనే. హువాన్ మాన్యుయెల్ మార్కెజ్ ఎంత గొప్పవాడు అని అడిగితే అందరూ ఆ ఒక్క పంచే చూపిస్తారు. అది తగలకపోయినా మెక్సికో బాక్సర్లలో అతని స్థానం పెద్దగా మారేది కాదని నా వాదన. ఎందుకో చెప్తాను, తర్వాత మీరు తిట్టండి.

ముందు ఒక సంగతి. మెక్సికో జనానికి బాక్సర్ అంటే ఒక లెక్క ఉంది. వాడు ముందుకే నడవాలి. ఒకటి తిని రెండు కొట్టాలి. ఎడమ హుక్, అంటే చెయ్యి వంచి పక్క నుంచి కొట్టే దెబ్బ, ఎదుటివాడి డొక్కలో, సరిగ్గా లివర్ మీద దిగాలి. హూలియో సెసార్ చావెజ్ అలా కొట్టే దేశాన్ని గెలుచుకున్నాడు. 1993 ఫిబ్రవరిలో మెక్సికో సిటీలోని అజ్టెకా స్టేడియంలో గ్రెగ్ హాగెన్‌తో అతని ఫైట్ చూడ్డానికి లక్షా 32 వేల మందికి పైగా వచ్చారు. బాక్సింగ్‌కండీ!

మార్కెజ్ ఆ బాపతు కాదు. చదివింది అకౌంటెన్సీ, రింగులోనూ లెక్కల మనిషే. ట్రైనర్ నాచో బెరిస్టైన్ నేర్పింది కౌంటర్ పంచింగ్. అంటే ఎదుటివాడు చెయ్యి విసరాలి, ఆ చెయ్యి వెనక్కి వెళ్ళేలోపు మనది దిగాలి. చూసేవాళ్ళకి ఓపిక కావాలి. అందుకే అదే కాలపు మెక్సికో బాక్సర్లు బరేరా, మోరాలెస్ ఒకరినొకరు చితకబాదుకుని స్టార్లయిపోతుంటే ఇతను పక్కన నిలబడ్డాడు. 1993లో మొదటి ప్రొఫెషనల్ ఫైట్. అది కూడా డిస్‌క్వాలిఫికేషన్‌తో ఓడిపోయాడు. మొదటి ప్రపంచ టైటిల్ 2003లో. పదేళ్ళు! అప్పటికి వయసు 29.

ఇప్పుడు అసలు ఫైట్‌కి వద్దాం. 2004 మే 8, లాస్ వేగాస్. ఎదురుగా మానీ పకియావ్. అంతకు ఆరు నెలల ముందే బరేరాని పదకొండో రౌండులో ఆపేసి వచ్చినవాడు. బెల్ కొట్టారు. మొదటి రౌండు అయ్యేలోపు మార్కెజ్ మూడుసార్లు కింద పడ్డాడు. మూడుసార్లూ పకియావ్ ఎడమ చెయ్యే. ముక్కు నుంచి రక్తం ధారగా కారుతోంది. నిజం చెప్పాలంటే, రిఫరీ అక్కడితో ఆపేసినా ఎవరూ గొడవ చేసేవాళ్ళు కాదు.

పడ్డవాడు ఎప్పుడూ చెడ్డవాడు కాదంటారు మనవాళ్ళు. ఇంకో అర్థంలో అనుకోండి, కానీ ఇక్కడ అక్షరాలా సరిపోతుంది. ఎందుకంటే మార్కెజ్ లేచి పౌరుషానికి పోలేదు. అది నాకు భలే నచ్చుతుంది. ఇంకో మెక్సికన్ ఫైటర్ అయితే, ఆ కోపంలో మీద పడి నాలుగోసారి పడేవాడు. ఇతను వెనక్కి అడుగు వేసి ఆలోచించాడు. పకియావ్ ఎడమచేతి వాటం. ఎడమ స్ట్రెయిట్ వేసే ముందు ఒక్క ఉదుటున లోపలికి దూకుతాడు. ఆ దూకే క్షణంలో మధ్యలో దారి తెరుచుకుంటుంది. ఆ దారిలోకి కుడి చెయ్యి పంపడం మొదలుపెట్టాడు. మూడో రౌండుకి కాస్త, ఐదుకి బాగా, ఆ తర్వాత చూస్తే దూకడానికి పకియావే జంకుతున్నాడు.

స్కోర్‌కార్డులు చూడండి, సరదాగా ఉంటాయి. మొదటి రౌండు పక్కనపెట్టి మిగతా పదకొండు లెక్కేస్తే, ఒక జడ్జి అందులో పది రౌండ్లు మార్కెజ్‌కే ఇచ్చాడు. ఇంకో జడ్జి ఐదు ఇచ్చాడు. మూడో ఆయన ఏడు. ఫలితం డ్రా. దాని వెనక ఒక పొరపాటుంది. రౌండు గెలిచినవాడికి 10, ఓడినవాడికి 9, కింద పడిన ప్రతిసారికీ ఇంకొకటి కోత. అలా మొదటి రౌండుకి ఇద్దరు జడ్జీలు 10-6 వేశారు, మూడో ఆయన 10-7 వేశాడు. తప్పు తనదేనని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు. ఆ ఒక్క పాయింటు తీసేసి ఉంటే పకియావ్ గెలిచేవాడు. కాబట్టి మార్కెజ్ అభిమానులు 'మమ్మల్ని ఎప్పుడూ దోచేశారు' అని ఏడ్చే ముందు ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. ఒకసారి అదృష్టం మీ వైపే ఉంది.

అయితే వాళ్ళిద్దరి మధ్య 2008లో స్ప్లిట్ డెసిషన్ (ఇద్దరు జడ్జీలు ఒకవైపు, ఒకరు ఇంకోవైపు), 2011లో మెజారిటీ డెసిషన్ (ఇద్దరు ఒకవైపు, మూడో ఆయన డ్రా), రెండూ పకియావ్‌కే వెళ్ళాయి. 2011 ఫైట్ మొన్న మళ్ళీ చూశాను. నా లెక్కలో మార్కెజ్‌వి ఏడు, పకియావ్‌వి ఐదు. కొట్లాడటానికి రెడీ.

మచ్చలు లేవా? ఉన్నాయి. 2004 తర్వాత పకియావ్‌తో రీమ్యాచ్‌కి ఇస్తామన్న డబ్బు చాలదని కాదన్నారు. ఆ తర్వాత 2006లో ఇండోనేషియా వెళ్ళి, అంతకంటే ఎంతో తక్కువ డబ్బుకి క్రిస్ జాన్ మీద ఆడి ఓడిపోయారు. మన భాషలో దీన్ని ఏమంటారో మీకు తెలుసు. ఇక 2009లో అమెరికా బాక్సర్ మేవెదర్‌తో ఫైట్. పన్నెండు రౌండ్లూ వన్ సైడే. కానీ మార్కెజ్ రెండు వెయిట్ క్లాసులు ఎగబాకి వెళ్ళాడు, మేవెదర్ ఒప్పుకున్న బరువు కంటే రెండు పౌండ్లు ఎక్కువతో వచ్చి జరిమానా కట్టి మరీ ఆడాడు. అందుకే ఆ ఓటమికి నేను పెద్దగా మార్కులు తగ్గించను.

2012లో పకియావ్‌తో నాలుగో ఫైట్‌కి, 39 ఏళ్ళ వయసులో కండలు తిరిగి వచ్చాడు. కండలకి ట్రైనింగ్ ఇచ్చినవాడికి గతంలో డోపింగ్ వ్యవహారాల్లో పాత్ర ఉండటంతో చాలామంది అనుమానపడ్డారు. మార్కెజ్ మాత్రం ఏ టెస్టులోనూ పట్టుబడలేదు. కాబట్టి దాన్ని నేను లెక్కలోకి తీసుకోను, అలాగని దాచిపెట్టను కూడా.

ప్లస్ వైపు చూస్తే నాలుగు వెయిట్ క్లాసుల్లో టైటిళ్ళు. 2007లో బరేరా మీద గెలుపు. 2008లో కాసమయోర్‌ని పదకొండో రౌండులో ఆపడం. అప్పటిదాకా ఆ క్యూబా మనిషిని ఎవరూ ఆపలేదు. 2009లో హ్యూస్టన్ వెళ్ళి, హువాన్ డియాజ్ సొంత ఊళ్ళోనే అతన్ని పడగొట్టడం. మోరాలెస్‌తో మాత్రం ఫైట్ జరగనే లేదు. నాకు ఇప్పటికీ అదొక వెలితి.

సరే, కుర్చీల సంగతి. మొదటిది చావెజ్‌ది. మొదటి 87 ఫైట్లలో ఓటమే లేనివాడిని అక్కడి నుంచి ఎవరు లేపుతారు? రెండోది సాల్వడార్ సాంచెజ్. 1981లో విల్ఫ్రెడో గోమెజ్‌ని, 1982లో అజుమా నెల్సన్‌ని ఆపాడు. నెల్సన్ ఫైట్ అయిన మూడు వారాలకే కారు ప్రమాదంలో పోయాడు, 23 ఏళ్ళకే. ఇంకో పదేళ్ళు బతికి ఉంటే చావెజ్ కుర్చీకి ఎసరు పెట్టేవాడేమో. మూడోది రూబెన్ ఒలివారెస్. నాలుగోది మార్కెజ్. రికార్డో లోపెజ్ ఒక్క ఓటమి లేకుండా రిటైరయ్యాడు, అతనూ బెరిస్టైన్ శిష్యుడే. కానీ ఎదురైనవాళ్ళ స్థాయి చూస్తే నాకు మార్కెజే ముందు.

మరి ఈ తరం మెక్సికో స్టార్ కనెలో? 2021లో సూపర్ మిడిల్‌వెయిట్‌లో నాలుగు ప్రపంచ టైటిల్ బెల్టులూ తనవే. చిన్న విషయం కాదు. కానీ రష్యా బాక్సర్ బివోల్ 2022లో ఒక చిక్కుముడి వేస్తే పన్నెండు రౌండ్లలో విప్పలేకపోయాడు. మార్కెజ్‌కి పడిన ముడి అంతకంటే గట్టిది, పైగా మూడుసార్లు కింద పడి లేచి విప్పాడు. నాకు తేడా అక్కడే.

ఇప్పుడు ఆ సీన్. 2012 డిసెంబర్ 8, మనకి ఆదివారం ఉదయం. టీ చేతిలో ఉంది, తాగడం మర్చిపోయాను. మూడో రౌండులో మార్కెజ్ పడేశాడు, ఐదులో పకియావ్ పడేశాడు. ముగ్గురు జడ్జీల దగ్గరా 47-46, పకియావే ముందున్నాడు. ఆరో రౌండులో ఇంకో సెకను మిగిలుంది. పకియావ్ జాబ్ (ముందు చేత్తో వేసే చిన్న పంచ్) చూపిస్తూ లోపలికి దూకాడు. ఎనిమిదేళ్ళ కిందట రెండో రౌండు నుంచి వెతుకుతున్న దారి అదే. కుడి చెయ్యి అందులోంచే వెళ్ళింది.