చెయ్యెత్తని సైకిళ్లు

అందరికీ నమస్కారం. ఇక్కడికి సైకిల్ మీద వచ్చినవాళ్లు ఒకసారి చేతులెత్తండి. ఐదుగురు, ఆరుగురు... అంతేనా? బయట గోడకు ఆనించిన సైకిళ్లు ఇరవై దాకా ఉన్నాయి, నేను చూసే వచ్చాను. సైకిల్ అంటే బండి కొనలేనోడిది అనుకుంటారని మొహమాటం. నేను మాట్లాడేది ఈ మొహమాటం గురించే, దాని వల్ల మనం అడగలేకపోతున్న సైకిల్ లేన్, అంటే రోడ్డు మీద సైకిళ్లకే వేరుగా ఉండే దారి గురించే.

న్యూయార్క్‌లో, బ్రూక్లిన్ వైపు, ప్రాస్పెక్ట్ పార్క్ వెస్ట్ అని ఒక రోడ్డు ఉంది. కార్లకు మూడు వరసలుండేవి. 2010లో ఒక వరస తగ్గించి, పార్కు పక్కన రానూపోనూ సైకిల్ లేన్ వేశారు. గోడ కట్టలేదు. పార్కింగ్ చేసిన కార్ల వరసను ఇవతలికి జరిపారు, అంతే. ఆగి ఉన్న కార్లే సైకిల్‌కు అడ్డుగోడ. అంతకుముందు భయంతో ఫుట్‌పాత్ ఎక్కే సైకిళ్లు లేన్ వచ్చాక చాలావరకు కిందికి దిగాయి. ముసలివాళ్లు నడవడానికీ సుఖమైంది.

అయినా గొడవ ఆగలేదు. లేన్ తీసెయ్యాలని పలుకుబడి ఉన్న కొందరు 2011లో కోర్టుకెక్కారు. అంతకుముందే అక్కడి నగర కౌన్సిల్ సభ్యులు జనాన్ని అడిగితే మూడు వేల మందికి పైగా జవాబిచ్చారు. ఎక్కువమంది లేన్ ఉండాల్సిందే అన్నారు. కేసు వేసినవాళ్లు 2016లో వెనక్కి తీసుకున్నారు. లేన్ ఇప్పటికీ ఉంది.

మన దగ్గరా ఉంది కదా అంటారు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల ట్రాక్ తెరిచారు, పైన సోలార్ పలకల నీడ కూడా. బాగుంది, కాదనను. కానీ అది పొద్దున్నే వ్యాయామం చేసేవాళ్లకు. పాల క్యాన్లు కట్టుకొని మన నల్లగొండలో పానగల్ నుంచి గడియారం సెంటర్‌కు వచ్చే మనిషికి దానితో ఏం పని?

రేపు నల్లగొండలో సైకిల్ లేన్ వేశారే అనుకోండి. మొదటి రోజు కొబ్బరికాయ కొడతారు, ఫొటోలు దిగుతారు. మూడో రోజు ఎవరో ఒక బండి ఆపుతారు. పదో రోజుకు అది పార్కింగే. రంగు గీతను ఎవరూ లెక్కచెయ్యరు, మధ్యలో దిమ్మెలో కడ్డీలో ఉండాలి. తోపుడు బండ్లవాళ్లను తరమమని మాత్రం నేను అనను, వాళ్లకూ జాగా చూపించాలి. షాపులవాళ్లు పార్కింగ్ పోయిందని మున్సిపల్ ఆఫీసుకు వెళ్తారు, అది వాళ్ల హక్కు. మరి మనం? చెయ్యే ఎత్తలేదు కదా!

అందుకే ముందు లెక్క కావాలి. సోమవారం పొద్దున ఏడున్నర నుంచి తొమ్మిదింటి దాకా గడియారం సెంటర్‌లో నిలబడి పోయే ప్రతి సైకిల్‌నూ రాసుకుందాం. బడి పిల్లలు వేరే, పనికి పోయేవాళ్లు వేరే, ఆడవాళ్లు వేరే. నోటుబుక్కులు ఆ బల్ల మీద పెట్టాను. రామగిరి వైపు ఇద్దరు కావాలి, పానగల్ రోడ్డు వైపు ఇద్దరు. ఎవరు వస్తారు? ఇప్పుడైనా చెయ్యెత్తండి.